డీజే స్టెంట్‌కు రాయి పట్టడాన్ని ముందే పసిగట్టడం: మోడల్ కట్టే ముందు తేల్చుకోవాల్సినవి

మీరు అడిగింది ఇది: యూరాలజీ రెసిడెంట్‌గా ఉన్నారు, థీసిస్ కోసం డీజే స్టెంట్లకు (మూత్రం సాఫీగా దిగేందుకు కిడ్నీ నుంచి మూత్రాశయం దాకా మూత్రనాళంలో వేసే, రెండు చివర్లా చుట్టలున్న సన్నని గొట్టాలకు) రాయి పట్టడాన్ని ముందే చెప్పే మెషీన్ లెర్నింగ్ మోడల్ తయారుచేద్దామనుకుంటున్నారు. డిపార్ట్‌మెంట్ పాత రికార్డుల్లో 200 దాకా స్టెంట్ల వివరాలున్నాయి. ఏయే వివరాలు తీసుకోవాలి, ఏ అల్గారిథం వాడాలి, ఎంత ఏయూసీ (ప్రమాదం ఉన్నవాళ్లనూ లేనివాళ్లనూ మోడల్ ఎంత బాగా వేరుచేస్తుందో చెప్పే అంకె, 1కి దగ్గరైతే మెరుగు) వస్తే పేపర్‌గా నిలుస్తుంది అన్నవి మీ ప్రశ్నలు.

అల్గారిథం సంగతి చివర్లో చూద్దాం. ముందుగా ప్రశ్న సరిచేసుకోవాలి. "ఎవరికి రాయి పడుతుంది?" అని అడిగితే నిజాయితీ గల జవాబు ఒక్కటే: తీయకుండా వదిలేస్తే దాదాపు అందరికీ పడుతుంది. కొందరికి మూడు వారాలకే, కొందరికి మూడు నెలలకు, కొందరికి ఇంకా ఆలస్యంగా. కాబట్టి మీ మోడల్ నుంచి వార్డులో పనికొచ్చే జవాబు అవును, కాదు రూపంలో రాదు. "ఈ మనిషికి, ఈ మూత్రంతో, ఈ స్టెంట్‌ను ఫలానా తేదీ దాటనివ్వకండి" అన్న రూపంలో రావాలి. డిశ్చార్జ్ కార్డు మీద రాసేది తేదీయే కదా. మోడల్ కూడా దాన్నే ఇవ్వాలి. ఇది ఒప్పుకుంటే మిగతా నిర్ణయాలు చాలావరకు వాటంతటవే తేలిపోతాయి.

లోపల ఏం జరుగుతుందో ముందు ఒకసారి చూద్దాం, ఎందుకంటే చలరాశుల (మోడల్‌కు ఇచ్చే వివరాల) ఎంపిక అక్కణ్ణుంచే రావాలి. స్టెంట్ మూత్రంలో పడిన కాసేపటికే దానిమీద ప్రొటీన్లు, అయాన్లు కలిసి పలుచని పొరలా అంటుకుంటాయి. అల్బుమిన్, ఫైబ్రినోజెన్, టామ్-హార్స్‌ఫాల్ ప్రొటీన్ అందులో ముఖ్యమైనవి. స్ఫటికాలకైనా బాక్టీరియాకైనా పట్టు దొరికేది ఆ పొర మీదే. అక్కణ్ణుంచి రెండు వేరువేరు దారులున్నాయి. ఒకటి ఇన్ఫెక్షన్ దారి. ప్రోటియస్ మిరాబిలిస్ లాంటి బాక్టీరియా యూరియేజ్ ఎంజైమ్‌తో యూరియాను విడగొట్టి అమ్మోనియాను పుట్టిస్తాయి, పీహెచ్ పైకి పోతుంది, స్ట్రువైట్ (ఇన్ఫెక్షన్ వల్ల వచ్చే రాయి), కాల్షియం ఫాస్ఫేట్ బయోఫిల్మ్‌లో (బాక్టీరియా కట్టుకునే జిగురు పొరలో) దిగబడతాయి. ఇది వేగంగా సాగే దారి. రెండోది ఇన్ఫెక్షన్ లేని మూత్రంలో సాగేది. అక్కడ ఎక్కువగా కనిపించేది కాల్షియం ఆక్సలేట్. మూత్రం బాగా ఆమ్లంగా ఉన్నవాళ్లలో యూరిక్ యాసిడ్ కూడా ఉంటుంది. ఈ దారిలో రోగి శరీర స్వభావం, తాగే నీళ్లు, ఎండ, తిండి నిర్ణయిస్తాయి.

మోడల్‌కు ఇది ఎందుకు ముఖ్యమంటే, పీహెచ్ అన్న ఒకే అంకె ఈ రెండు దారుల్లో ఎదురెదురు దిశల్లో పనిచేస్తుంది. 5.2 దగ్గర యూరిక్ యాసిడ్ భయం, 7.5 దగ్గర ఫాస్ఫేట్ భయం, మధ్యలో కొంత నెమ్మది. మీరు పీహెచ్‌ను సరళరేఖగా రిగ్రెషన్‌లో పెడితే రెండు చివరలూ ఒకదాన్నొకటి కొట్టేసుకుని "పీహెచ్‌కు సంబంధం లేదు" అని వస్తుంది. ఇలాంటి ఫలితం చూసి పీహెచ్‌ను పక్కన పెట్టేయకండి. స్ప్లైన్ (సరళరేఖకు బదులు వంపు తిరిగే గీత) వాడండి, లేదా కనీసం మూడు తరగతులుగా విడగొట్టండి. వీలైతే కల్చర్ (మూత్రంలో క్రిములు పెరుగుతాయా అని చూసే పరీక్ష) పాజిటివ్ ఉన్నవాళ్లలో, లేనివాళ్లలో దాని ప్రభావాన్ని విడివిడిగా చూడండి.

దీనికి ఇంకాస్త లోతైన రూపం కాథెటర్ల (మూత్రం బయటికి పోయేందుకు మూత్రాశయంలో పెట్టే గొట్టాల) మీద పనిచేసినవాళ్ల దగ్గర దొరుకుతుంది. చూంగ్ బృందం 1990ల చివర్లో, కార్డిఫ్‌లో స్టిక్లర్ బృందం ఆ తర్వాత, న్యూక్లియేషన్ పీహెచ్ అన్న కొలతను ముందుకు తెచ్చారు. ఒక రోగి మూత్రం పీహెచ్‌ను మెల్లగా పెంచుతూ పోతే ఏ చోట మసకబారి స్ఫటికాలు మొదలవుతాయో అది న్యూక్లియేషన్ పీహెచ్. రోగి పోసే మూత్రం పీహెచ్‌కూ దీనికీ మధ్య ఎడం ఎక్కువ ఉంటే కాథెటర్ తేలిగ్గా మూసుకుపోదు, ఎడం తగ్గితే మూసుకుపోతుంది. నీళ్లు, సిట్రేట్ ఎక్కువ తీసుకుంటే న్యూక్లియేషన్ పీహెచ్ పైకి జరుగుతుందని స్టిక్లర్ బృందం చూపించింది. కాథెటర్ గురించి తేలిన విషయాన్ని యథాతథంగా స్టెంట్‌కు అంటగట్టకూడదు గానీ, మీ కాలేజీ బయోకెమిస్ట్రీ విభాగం చేయి కలిపితే ఈ ఎడాన్ని స్టెంట్ రోగుల్లో కొలవడం మంచి పని. ఆ ఒక్క కొలతతోనే ఒక థీసిస్ అవుతుందని నా నమ్మకం.

మన దగ్గర ప్రత్యేకంగా రాసుకోవాల్సిన ఒక విషయం ఉంది. స్టెంట్ వేశాక మంట అని రోగి ఫోన్ చేయగానే సిట్రేట్ సిరప్ రాసేయడం మనకు అలవాటు. మందుల షాపులో చీటీ లేకుండా కూడా దొరుకుతుంది. సిట్రేట్ కాల్షియాన్ని పట్టుకుని ఆక్సలేట్ రాయిని అడ్డుకుంటుంది, నిజమే. కానీ అదే సిరప్ మూత్రాన్ని క్షారంగా మారుస్తుంది, అప్పటికే యూరియేజ్ బాక్టీరియా ఉన్నవాడికి అది ఫాస్ఫేట్ వైపు తోసే పని. మీ ప్రొఫార్మాలో (వివరాలు నింపే ఫారంలో) "ఆల్కలైజర్ సిరప్ వాడారా, ఎన్ని రోజులు" అన్న గడి తప్పకుండా పెట్టండి. పీహెచ్‌ను సిరప్ మొదలుపెట్టకముందు కొలిచారా, తర్వాతా అన్నది కూడా. లేకపోతే మీరు కొలిచేది సిరప్ ప్రభావాన్ని, రాసేది రోగి స్వభావమని. టోపిరమేట్, అసిటజోలమైడ్ వాడేవాళ్లలో కాల్షియం ఫాస్ఫేట్ మొగ్గు ఉంటుంది, పెద్ద మోతాదు విటమిన్ సి ఆక్సలేట్‌ను పెంచుతుంది. మందుల చరిత్ర అడిగేటప్పుడు ఈ మూడూ ప్రత్యేకంగా అడగండి.

ఇక స్టెంట్‌లో ఎక్కడ పడుతుందన్నది. రెండు చివర్లలోని చుట్టలే, అంటే కిడ్నీలోదీ మూత్రాశయంలోదీ, ఎక్కువ దెబ్బతింటాయి. నాళంలో ఉన్న భాగం మీద మూత్రనాళం కదలికలు రాపిడి పెడుతుంటాయి కాబట్టి అక్కడ రాతి పొర కాస్త తక్కువ (ఇక్కణ్ణుంచి పొర అంటే ఈ రాతి పొరే). రంధ్రాల అంచులు, ప్రవాహం నెమ్మదించే మూలలు మరో స్థావరం. సౌతాంప్టన్ విశ్వవిద్యాలయంలో మొసయ్యెబి బృందం చిన్న చిప్ మీద స్టెంట్ నమూనా కట్టి, గోడను రాసుకుంటూ పోయే ప్రవాహ బలం తక్కువున్న చోటే కణాలు పోగవుతాయని చూపించింది. మీ ఫలితాన్ని మొత్తం స్టెంట్‌కు ఒక్క అంకెగా రాయకుండా పై చుట్ట, నాళం, కింది చుట్ట అని మూడు చోట్లా విడిగా రాసుకోండి. కింది చుట్ట మీది పెంకును సిస్టోస్కోపీలో (మూత్రమార్గం గుండా మూత్రాశయంలోకి దుర్భిణి పంపి) చూసి పగలగొట్టి తీయొచ్చు. రోగికి నిజమైన కష్టం తెచ్చేది పై చుట్టే, పైగా కళ్లకు కనిపించనిదీ అదే.

ఇప్పుడు అసలు చిక్కు: రాయి పట్టిందని దేన్ని అంటారు? అందరూ ఉదహరించే 1991 నాటి ఎల్-ఫకీ బృందం పేపర్ చూడండి. రాళ్ల రోగుల్లో వేసిన 290 పాలీయురేథేన్ స్టెంట్లలో ఆరు వారాల్లోపు తీసినవాటికి 9.2 శాతం, ఆరు నుంచి పన్నెండు వారాల మధ్య 47.5 శాతం, ఆ తర్వాత 76.3 శాతం పొర కనిపించింది. 2012లో జపాన్ నుంచి కవహారా బృందం అవే కాలవ్యవధులతో ఇచ్చిన లెక్క 26.8, 56.9, 75.9. పన్నెండు వారాలు దాటాక రెండూ దాదాపు కలిసిపోయాయి. మొదటి ఆరు వారాల్లో మాత్రం మూడింతల తేడా. రోగులు వేరు, స్టెంట్లు వేరు. దేన్ని పొరగా లెక్కించారన్నదీ తొలి వారాల్లోనే ఎక్కువ తేడా తెస్తుంది. ఆ దశలో ఉండేది పలుచని గరుకుదనం, ఒకరి కంటికి ఆనేది ఇంకొకరికి ఆనదు.

అందుకని రెండు ఫలితాలు విడివిడిగా పెట్టుకోమంటాను. మొదటిది కంటికి, స్పర్శకు తెలిసే పొర. తీసిన వెంటనే తెల్ల కాగితం మీద స్కేలు పక్కన పెట్టి ఫోటో తీయండి, ఇద్దరు వేరువేరుగా గ్రేడ్ ఇవ్వండి, స్టెంట్ ఎన్ని రోజులుందో వాళ్లకు తెలియనివ్వకండి. వసతి ఉంటే బరువు తేడా, మైక్రో సీటీ, పొరకు ఎఫ్‌టీఐఆర్ విశ్లేషణ (అది ఏ రకం రాయో తేల్చే పరారుణ కాంతి పరీక్ష). రెండోది రోగికి నిజంగా లెక్కకొచ్చేది: స్టెంట్ మామూలుగా ఓపీలో సిస్టోస్కోపీతో వచ్చిందా, లేక లేజర్, షాక్ వేవ్, పీసీఎన్ఎల్ (వీపు నుంచి కిడ్నీలోకి దారి చేసి రాయి తీసే ఆపరేషన్) లాంటిది అదనంగా కావాల్సి వచ్చిందా. మొదటిదానిలో సంఖ్యలు ఎక్కువొస్తాయి, రెండోదానిలో అర్థం ఎక్కువుంటుంది. ఒకదాన్ని కొలిచి రెండోదాని గురించి తీర్పు రాయడం ఈ విషయం మీద వచ్చే పేపర్లలో తరచూ కనిపించే లోపం. ఇంకో జాగ్రత్త: ఆర్ఐఆర్ఎస్ (మూత్రమార్గం గుండా సన్నని దుర్భిణి పంపి కిడ్నీ రాయిని పొడిచేసే ఆపరేషన్) తర్వాత మిగిలిన రాతి పొడి స్టెంట్‌కు అంటుకుని వస్తుంది. అది కొత్తగా పట్టిన పొర కాదు. కడిగి చూడండి, రాలిపోతే విడిగా రాయండి.

కాలం సంగతికి వద్దాం. మీ రికార్డుల్లో ప్రతి స్టెంట్‌నూ ఒక్కసారే చూశారు, తీసిన రోజున. 40వ రోజున తీసినప్పుడు పొర ఉంటే అది ఒకటో రోజుకూ నలభయ్యో రోజుకూ మధ్య ఎప్పుడో మొదలైంది. 90వ రోజున శుభ్రంగా వస్తే ఇంకా మొదలవలేదు. అంటే మొదలైన రోజు ఎవరికీ తెలియదు, ఒక్క స్టెంట్ విషయంలో కూడా. ఈ రకం సమాచారాన్ని కాప్లాన్-మైయర్ గ్రాఫ్‌లో (రోజులు గడిచేకొద్దీ ఎన్ని స్టెంట్లు శుభ్రంగా మిగిలాయో చూపే గీతలో) పెట్టి, తీసిన రోజునే పొర పట్టిన రోజుగా గీస్తే గీత మొత్తం కుడివైపుకు జరుగుతుంది. స్టెంట్లు నిజానికన్నా ఎక్కువ కాలం శుభ్రంగా ఉన్నట్టు కనిపిస్తాయి. రోగి భద్రత కోసం చేసే పనిలో తప్పు ఆ దిశగా జరగడం ప్రమాదకరం.

దీనికి పెద్ద సాఫ్ట్‌వేర్ అవసరం లేని దారి ఒకటుంది. కాంప్లిమెంటరీ లాగ్-లాగ్ లింకుతో (లాజిస్టిక్‌కు బదులు ఎంచుకునే గణిత రూపంతో) మామూలు రిగ్రెషన్ చేయండి, స్టెంట్ లోపలున్న రోజుల లాగరిథమ్‌ను ఒక చలరాశిగా పెట్టండి, మిగతావి దాని పక్కన. గణితం ప్రకారం ఇది వైబుల్ కాలనమూనాతో (ప్రమాదం కాలంతో ఎలా మారుతుందో చెప్పే నమూనాతో) సమానం, పైగా ఒక్కసారే చూసిన సమాచారానికి సరిగ్గా సరిపోతుంది. రోజుల లాగరిథమ్‌కు వచ్చే గుణకం 1 కంటే ఎక్కువైతే ప్రమాదం రోజులు గడిచేకొద్దీ వేగం పుంజుకుంటోందని అర్థం. అన్నిటికన్నా మంచి విషయం, ఈ సమీకరణాన్ని తిరగేయొచ్చు. "కష్టమైన తొలగింపుకు 5 శాతం మించి అవకాశం ఒప్పుకోను" అని మీరు హద్దు పెట్టుకుంటే, ఈ రోగికి ఆ హద్దు ఏ రోజున దాటుతుందో అదే చెబుతుంది. మొదట్లో అన్న తేదీ ఇక్కడ దొరుకుతుంది.

ఇందులో ఒక ఉచ్చు ఉంది. స్టెంట్ లోపల ఎన్ని రోజులుందన్నది తీసిన తర్వాత గానీ తెలియదు. వేసే రోజున నిర్ణయం తీసుకునే మోడల్‌కు దాన్ని రోగి లక్షణంలా అందిస్తే పరీక్షకు ముందే జవాబు చూపినట్టే. తేదీ కోసం సమీకరణం తిరగేసేటప్పుడు రోజులను మీరు మార్చి చూసే సంఖ్యగా వాడాలి. అలాగే "తీసేముందు తీసిన ఎక్స్‌రేలో నీడ", "తీసేటప్పటి కల్చర్" లాంటివి వేసే రోజు మోడల్‌లో ఉండకూడదు. ఇలాంటివి దూరిస్తే ఏయూసీ 0.95 వస్తుంది, వార్డులో మాత్రం దేనికీ పనికిరాదు.

ఎందుకు తీశారన్నదీ రాసుకోండి. రక్తం పడుతోందని, జ్వరమని, నొప్పని ముందే వచ్చినవాళ్లుంటారు, వాళ్లలో పొర ఎక్కువుండొచ్చు. చెప్పిన తేదీకి వచ్చినవాళ్లు వేరు. ఏడాది తర్వాత వచ్చినవాళ్లు పూర్తిగా వేరు. ముగ్గురినీ కలిపి ఒకే గీత గీస్తే ఆ గీత ఎవరిదీ కాదు. ప్రధాన విశ్లేషణ చెప్పిన తేదీకి వచ్చినవాళ్ల మీద చేసి, అందరినీ కలిపిన లెక్కను పక్కన చూపించండి. ఒకే మనిషికి రెండువైపులా స్టెంట్లుంటే వాటిని రెండు వేరువేరు రోగుల్లా లెక్కించకూడదు. శిక్షణ గుంపు, పరీక్ష గుంపు విడగొట్టేటప్పుడు మనిషి లెక్కన విడగొట్టండి.

చలరాశుల్లో నేను వదలనివి ఇవి. గతంలో రాళ్ల చరిత్ర, రాయి రసాయన విశ్లేషణ ఉంటే అది. ఇంతకుముందు స్టెంట్ వేసి ఉంటే దానికి ఎన్నాళ్లకు ఎంత పొర పట్టిందన్నది. మార్పిడి మీద మార్పిడి జరిగే రోగుల్లో దీన్ని మించిన ఆధారం నాకు కనిపించలేదు, ఎందుకంటే ఆ మనిషి మూత్రం ఆ పదార్థంతో ఎలా ప్రవర్తిస్తుందో అది ముందే చూపించేసింది. వేసే ముందు కల్చర్, అందులో ఏ క్రిమి అన్న వివరంతో సహా. "పాజిటివ్" అని మాత్రమే రాస్తే ఈ. కోలై, ప్రోటియస్ ఒకటైపోతాయి, కానీ పొర విషయంలో వాటి స్వభావాలు వేరు. కల్చర్ నెగటివ్ వచ్చినంత మాత్రాన స్టెంట్ మీద క్రిములు లేవని కాదు, మూత్రంలో దొరికినదానికన్నా స్టెంట్ మీద ఎక్కువ దొరుకుతాయి, కాబట్టి తీసిన స్టెంట్ చివరను కూడా కల్చర్‌కు పంపండి. గర్భం: ఆ కాలంలో మూత్రంలో కాల్షియం పెరుగుతుంది, అందుకే గర్భిణులకు నాలుగు నుంచి ఆరు వారాలకోసారి మార్చమంటారు. పేగు జబ్బులు, బేరియాట్రిక్ సర్జరీ ఉన్నవాళ్లలో ఆక్సలేట్. కిడ్నీ పనితీరు, క్యాన్సర్ కీమోథెరపీ. స్టెంట్ పదార్థం, సైజు. సిలికాన్‌కు పొర తక్కువగా పడుతుందన్నది ప్రయోగశాలలోనూ రోగుల్లోనూ కనిపించిన విషయమే. పూతల మీద కంపెనీల మాటలు మాత్రం మూత్రంలో నిలిచినవి తక్కువ. ట్రైక్లోసాన్ కలిపిన స్టెంట్ రోగుల్లో ఆశించిన మేలు చూపలేదు. డబ్బా మీద "12 నెలలు" అని ఉంటే అది ప్లాస్టిక్ తట్టుకునే కాలం. మీ రోగి మూత్రం గురించి ఆ డబ్బాకు తెలియదు.

వాతావరణం చిన్న విషయం కాదు. ఉపాధి పనికో, ఇటుక బట్టీకో, పొలానికో వెళ్లే మనిషి మే నెలలో పోసే మూత్రానికీ డిసెంబరులో పోసేదానికీ చిక్కదనంలో తేడా ఉంటుంది. స్టెంట్ ఏ నెలల్లో లోపలుందో, మనిషి ఎండలో పనిచేస్తాడా లేదా, ఉదయపు మూత్రం స్పెసిఫిక్ గ్రావిటీ ఎంతో రాసుకుంటే ఖర్చేమీ ఉండదు. 24 గంటల మూత్రం సేకరణ మంచిదే కానీ స్టెంట్ ఉన్న మనిషి చేత, అదీ పల్లె నుంచి వచ్చే మనిషి చేత చేయించడం తేలిక కాదు. సగం మందికి లేని చలరాశి మోడల్‌ను బలహీనపరుస్తుంది.

ఇప్పుడు మీ 200 స్టెంట్ల సంగతి. ఒక చలరాశికి కనీసం పది సంఘటనలు (అంటే ఫలితం నిజంగా జరిగిన స్టెంట్లు) ఉండాలన్న పాత బండగుర్తునే తీసుకుందాం. వాటిలో కంటికి కనిపించే పొర 60కి ఉందనుకుంటే ఆరు చలరాశులు పెట్టొచ్చు. కష్టమైన తొలగింపు పదిమందికే జరిగిందనుకుంటే ఒక్కటి. రైలీ బృందం 2019 నుంచి ఇచ్చిన కొత్త లెక్కల పద్ధతులు తరచూ ఇంతకన్నా ఎక్కువే అడుగుతాయి. ఈ సంఖ్యల మీద న్యూరల్ నెట్‌వర్క్ నడిపితే అది మీ 200 మందిని కంఠస్థం చేస్తుంది, 201వ మనిషి దగ్గర తడబడుతుంది. 2019లో క్రిస్టొడౌలౌ బృందం 71 అధ్యయనాలను సమీక్షించి, వైద్యపరమైన అంచనాల్లో మెషీన్ లెర్నింగ్ మామూలు లాజిస్టిక్ రిగ్రెషన్‌ను మించిందనడానికి ఆధారం లేదని తేల్చింది. గైడ్ గారికి ఈ మాట చెప్పడానికి మీకు ఇబ్బందిగా ఉంటే, రెండూ చేసి పక్కపక్కన చూపించండి. అది కూడా గౌరవమైన ఫలితమే.

ఎంత ఏయూసీ కావాలన్న ప్రశ్నకు జవాబుగా ఒక లెక్క చేసి చూపిస్తాను. కష్టమైన తొలగింపు 5 శాతం మందికి జరుగుతుందని అనుకుందాం. మీ మోడల్ సెన్సిటివిటీ 80, స్పెసిఫిసిటీ 80 అనుకుందాం, వినడానికి బాగానే ఉంటుంది. వెయ్యి మందిలో 50 మందికి నిజంగా కష్టం రాబోతోంది, మోడల్ అందులో 40 మందిని పట్టుకుంటుంది. మిగతా 950 మందిలో 190 మందిని అనవసరంగా హెచ్చరిస్తుంది. అంటే "ప్రమాదం" అన్న 230 మందిలో నిజంగా ప్రమాదం ఉన్నది 17 శాతం. ఆ హెచ్చరికకు మీరు చేసే పని రెండు వారాలు ముందు రమ్మనడమైతే ఈ లెక్క పరవాలేదు, ఎవరికీ నష్టం లేదు. అదే హెచ్చరికతో అందరికీ సీటీ తీయిస్తే అనవసరపు రేడియేషన్, ఖర్చు. పైగా మోడల్ పట్టుకోని పదిమంది ఉన్నారు, వాళ్లకు "తక్కువ ప్రమాదం, మూడు నెలలు ఆగొచ్చు" అని చెప్పేశారంటే వాళ్లకు హాని చేసినట్టే. అందుకని తక్కువ ప్రమాదం అని తేలినా గడువును పొడిగించడానికి మోడల్‌ను వాడొద్దు. తగ్గించడానికి మాత్రమే వాడండి. ఏయూసీతో పాటు కాలిబ్రేషన్ చూపించండి: 10 శాతం అన్నచోట నిజంగా పదిమందికి ఒకరికి జరిగిందా? డెసిషన్ కర్వ్ (మోడల్‌ను వాడితే మేలు హానికన్నా ఎక్కువా అని చూపే గీత) కూడా వేయండి. రాసేటప్పుడు ట్రైపాడ్ మార్గదర్శకం (ఇలాంటి మోడళ్ల పేపర్లలో ఏమేం రాయాలో చెప్పే జాబితా) పక్కన పెట్టుకోండి. 2015 నాటిది, 2024లో ఏఐ మోడళ్లను కలిపి కొత్తరూపం వచ్చింది.

మీ ప్రశ్నలో ఇంకో ప్రశ్న కలిసిపోయి ఉంది, దాన్ని విడదీయాలి. గడువు దాటి ఎనిమిది నెలలకు వచ్చిన రోగి విషయంలో పొర పడుతుందా అని ఊహించే అవసరం లేదు, పట్టే ఉంటుంది. అక్కడ ఊహించాల్సింది ఎన్ని సిట్టింగులు, ఏ దారిన, కిడ్నీ దక్కుతుందా అన్నది. దీనికి ఇప్పటికే కొలమానాలున్నాయి. 2009లో వచ్చిన ఫెకల్ పద్ధతి (FECal: మరిచిపోయిన, పొర పట్టిన, గట్టిపడిన స్టెంట్ల వర్గీకరణ) పొర ఎక్కడ, ఎంత ఉందన్నదాన్ని బట్టి ఐదు గ్రేడ్లు ఇస్తుంది. 2016లో వచ్చిన కేయూబీ స్కోరు కిడ్నీ, నాళం, మూత్రాశయం మూడింటికీ ఒకటి నుంచి ఐదు మార్కులిస్తుంది. మొత్తం 9 లేదా ఆపైన ఉన్నవాళ్లకు ఒకటికి మించి ఆపరేషన్లు పడే అవకాశం ఎక్కువని ఆ స్కోరు తెచ్చిన బృందం చూపింది. మీ దగ్గర ఆలస్యంగా వచ్చిన రోగులు ఎక్కువుంటే కొత్త మోడల్ కట్టేకన్నా ఈ స్కోర్లు మన రోగుల్లో నిలుస్తాయా అని పరీక్షించడం ఎక్కువ పనికొస్తుంది. సీటీ చూసేటప్పుడు బోన్ విండోలో (ఎముకల కోసం వాడే వెలుతురు అమరికలో) చూడండి. స్టెంట్ కూడా తెల్లగానే కనిపిస్తుంది కాబట్టి మామూలు విండోలో పలుచని పెంకు అందులో కలిసిపోతుంది. యూరిక్ యాసిడ్ పొర ఎక్స్‌రేలో అసలు కనిపించకపోవచ్చు. ఎక్స్‌రే శుభ్రంగా ఉందన్న ధైర్యంతో బలంగా లాగడం వల్లనే స్టెంట్ తెగడం, మూత్రనాళం ఊడిరావడం లాంటి ఘోరాలు జరుగుతాయి. లాగుతున్నప్పుడు పై చుట్ట విప్పుకోకపోతే అక్కడే ఆపేయాలి, మోడల్ ఏం చెప్పినా సరే.

చివరిగా, మీ డేటాలో అన్నిటికన్నా బలమైన కారణం రసాయనం కాకుండా పోయే అవకాశం ఎక్కువ. నొప్పి పోయింది కాబట్టి లోపల పైపు ఉన్న సంగతే మర్చిపోయినవాళ్లు, అసలు పైపు వేశారని ఎవరూ చెప్పనివాళ్లు, స్టెంట్‌తోనే గల్ఫ్ విమానం ఎక్కి రెండేళ్లకు తిరిగొచ్చినవాళ్లు, ఆస్పత్రికి తోడు వచ్చే మనిషి లేని ముసలివాళ్లు. భయంకరమైన రాళ్లతో వచ్చే స్టెంట్లు ఎక్కువగా వీళ్లవే. అందుకని పీహెచ్ ఎంత శ్రద్ధగా రాస్తారో ఇవి కూడా అంత శ్రద్ధగా రాయండి: ఊరు ఎంత దూరం, చదవగలరా, వలస వెళ్లే పనా, డిశ్చార్జ్ కార్డులో తేదీ తెలుగులో ఉందా, స్టెంట్ గురించి వివరించింది ఎవరు, ఇచ్చిన ఫోన్ నంబరు రోగిదేనా. "తేదీకి వస్తారా రారా" అన్నదాన్ని విడిగా ఊహించే చిన్న మోడల్ పొరను ఊహించే మోడల్‌కన్నా ఎక్కువ కిడ్నీలను కాపాడగలదని నా గట్టి అభిప్రాయం. దానికి మందు కూడా మన చేతిలోనే ఉంది: స్టెంట్ రిజిస్టరు, వారం ముందు ఫోన్, వీలైనచోట దారంతో ఉన్న స్టెంట్ (బయటికి వేలాడే దారం లాగి తీసేది), ఇంకా వీలైతే అసలు స్టెంట్ అవసరం లేని చోట వేయకపోవడం.

కాబట్టి పాత రికార్డుల 200 స్టెంట్లను మోడల్ కోసం కాకుండా, మీ దగ్గర రెండు ఫలితాలూ ఎంత తరచుగా జరుగుతున్నాయో తెలుసుకోవడానికి వాడండి. ఆ సంఖ్యతో నమూనా పరిమాణం లెక్కేసి, ఎథిక్స్ కమిటీ అనుమతి తీసుకుని, ఇకమీదట వేసే స్టెంట్ల నుంచి కొత్త ప్రొఫార్మాతో మొదలుపెట్టండి. మీ కోర్సులో మిగిలిన కాలంలో సంఖ్య సరిపోదనిపిస్తే పక్క జిల్లా మెడికల్ కాలేజీలో మీలాంటి రెసిడెంట్‌ను కలుపుకోండి, ఒకే ప్రొఫార్మా, ఒకే రకం ఫోటో, ఒకే గ్రేడింగ్. ఒకచోట కట్టిన మోడల్‌ను రెండోచోట పరీక్షించే అవకాశం కూడా దాంతోనే వస్తుంది. చిత్తు ప్రొఫార్మా రాశాక పంపండి, గడులు ఒక్కొక్కటీ చూసి చెబుతాను.